నూనె డబ్బా పొయ్యి



మన ఇళ్లలో 15 కిలోల నూనె డబ్బా ఖాళీ అయితే అది వృథాగా పోదు. పైభాగం కోయించి, అడ్డంగా కర్ర పిడి వేయించి నీళ్లు తోడుకోవడానికి వాడుకుంటాం. బియ్యమో, రంజాన్ కోసం ముందే తెచ్చిపెట్టిన సేమియాలో పోసి మూత పెడతాం. అడుగున చిల్లులు కొట్టి, మట్టి నింపి పుదీనా నాటుతాం. తుప్పు పట్టాక చివరికి పాత ఇనుప సామాన్లలో వేస్తాం. అదే డబ్బాతో గంటా రెండు గంటల్లో ఒక పొయ్యి తయారు చేసుకోవచ్చు. ఈ నెల ఆ పొయ్యి గురించీ, దానితోపాటు నేర్చుకోవలసిన ఒక జాగ్రత్త గురించీ ముచ్చటించుకుందాం.

ఇంటింటా గ్యాసు ఉండగా రేకు పొయ్యి దేనికని కొందరు అడగవచ్చు. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరుకు గండ్లు పడి విజయవాడలోని సింగ్‌నగర్, దాని చుట్టుపక్కల కాలనీలు నీట మునిగినప్పుడు చాలామందికి ఈ ప్రశ్నకు సమాధానం దొరికింది. కింది అంతస్తు మునిగింది. కరెంటు పోయింది. వంటగదిలోని సిలిండరు నీళ్లపాలైంది. పై అంతస్తుల్లోనూ డాబాల మీదా చిక్కుకుపోయిన కుటుంబాలకు ఆహార పొట్లాలు పడవల్లోనూ డ్రోన్లతోనూ అందాయి. కానీ పసిబిడ్డకు పాలపొడి కలపడానికి కాచిన నీళ్లు పొట్లంలో రావు. మా వద్ద చదువుకుని వెళ్లిన ఒక యువకుడి కుటుంబం కూడా ఆ రోజుల్లో అలాంటి ఒక డాబా మీదే గడిపింది. అతని సంగతి చివర్లో చెబుతాం. ముందు పొయ్యి పని చూద్దాం.

నిప్పు నిలవడానికి మూడు కావాలి: కాలే వస్తువు, వేడి, గాలి. ఆరుబయట మూడు రాళ్లు పేర్చి మంట పెడితే గాలి అన్ని వైపుల నుంచీ వీచి మంటను చెదరగొడుతుంది. సగం వేడి గిన్నెకు తగలకుండానే పోతుంది. అదే మంటను రేకు గోడల మధ్య పెడితే వేడెక్కిన గాలి పైకి లేస్తుంది. ఆ ఖాళీలోకి కింది నుంచి చల్లగాలి దానంతటదే లోపలికి వస్తుంది. ఊదుగొట్టం అవసరం అంతగా ఉండదు, కట్టె తక్కువ పడుతుంది. పొయ్యి రహస్యమంతా ఇంతే. కింద గాలి వచ్చే దారి, పైన పొగ పోయే దారి ఉండాలి. ఈ రెండింటిలో ఏది మూసినా అది పొయ్యిగా పనిచేయదు.

డబ్బాను ఎంచుకోవడం మొదటి పని. వంటనూనె డబ్బా అన్నిటికన్నా మంచిది. సుమారు జానెడు వెడల్పు, జానెడున్నర ఎత్తు ఉంటుంది. పురుగుమందు, పెట్రోలు, రంగుల్లో కలిపే టిన్నరు ఉన్న డబ్బాలను ఎంత కడిగినా వాడకూడదు. వాటిలో మిగిలిన ఆవిరి అంటుకుని పేలే ప్రమాదం ఉంది, విషపు పొగ కూడా వస్తుంది. జింకు పూత పూసిన బకెట్లు కూడా పనికిరావు. బాగా కాలితే ఆ పూత నుంచి వచ్చే పొగ రొమ్ముకు హాని చేస్తుంది.

డబ్బాను వేడినీళ్లతో, సబ్బుతో జిడ్డు పోయేలా కడిగి ఎండబెట్టండి. రేకు కత్తెరతో గానీ, ఉలి సుత్తితో గానీ పైమూతను పూర్తిగా తొలగించండి. కోసిన రేకు అంచు కత్తికన్నా పదునుగా ఉంటుంది. చేతికి మందపాటి గుడ్డ చుట్టుకుని పని చేయాలి. కోసిన ప్రతి అంచునూ పావు అంగుళం లోపలికి మడిచి సుత్తితో అణచివేయాలి. ఈ పని బద్ధకించి వదిలేస్తే గిన్నె దించేటప్పుడు ఎవరి వేలో తెగుతుంది.

ఇప్పుడు డబ్బా నిండా తడి ఇసుక కూరండి. రంధ్రాలు కొట్టేటప్పుడు రేకు సొట్టలు పడకుండా ఈ ఇసుక కాపాడుతుంది. అడుగు నుంచి 6 అంగుళాల ఎత్తులో ఎదురెదురు పక్కల మేకుతో ఐదేసి రంధ్రాలు వరుసగా కొట్టండి. పైన, అంచుకు ఒక అంగుళం కిందగా రెండు పక్కలా, వెనుకా మూడేసి రంధ్రాలు బొటనవేలు దూరేంత చేయండి. గిన్నె అంచు మీద కూర్చున్నప్పుడు పొగ, వేడిగాలి బయటికి పోయే దారి ఇదే.

ముందువైపు రెండు కిటికీలు కావాలి. మొదటిది అడుగునే, 4 అంగుళాల ఎత్తు, అంతే వెడల్పు. దీని రేకును మూడు వైపులే కోసి, కింది వైపు వదిలి, బయటికి పళ్లెంలా వంచండి. జారిపడే నిప్పుకణికలు నేల మీద కాక దాని మీద పడతాయి. ఇది గాలికీ, బూడిద తీయడానికీ దారి. రెండవది మేకు రంధ్రాల వరుసకు అంగుళం పైన మొదలై 4 అంగుళాల ఎత్తు ఉండాలి. ఇది పుల్లలు పెట్టే దారి.

ఇసుక తీసివేసి, మేకు రంధ్రాల గుండా ఐదు ఇనుప సీకులు ఈ పక్క నుంచి ఆ పక్కకు దూర్చండి. సీకు కబాబు చేసుకునే ఇళ్లలో ఇవి ఉండనే ఉంటాయి, లేకపోతే సన్నని ఇనుప ఊచలు చాలు. వాటి కొసలు బయట అంగుళం మేర మిగిలితే జారిపోవు. కట్టె ఈ సీకుల మీద కాలుతుంది, బూడిద కిందికి రాలుతుంది, గాలి వాటి సందుల్లోంచి పైకి వస్తుంది. అడుగున వెడల్పు తక్కువ గిన్నె పెట్టాలంటే అంచు మీద మరో రెండు ఊచలు అడ్డంగా వేసుకోవాలి.

మొదటిసారి గిన్నె పెట్టకుండా, ఆరుబయట, గాలికి ఎదురుగా కాక గాలి వీపుకు తగిలే పక్కన నిలబడి అరగంట సేపు ఖాళీ మంట వేయండి. డబ్బా మీది రంగు, అచ్చు, పూత కాలిపోతాయి. ఆ పొగ పీల్చదగినది కాదు, అందులో వంట చేయదగినది అసలే కాదు. ఆ తరువాత పొయ్యి సిద్ధం.

దీన్ని చదునైన నేల మీద, రెండు ఇటుకలు పరిచి వాటి మీద నిలపాలి. డాబా మీద అయితే ఇటుకల కింద ఇసుక కూడా పోయాలి. ఐదు లీటర్ల గిన్నెకు మించిన బరువు పెట్టకూడదు. వలీమా డేగిసాలకు ఇది తగదు. కందికట్టె, పత్తికట్టె, సర్వి పుల్లలు, కొబ్బరి చిప్పలు, ఎండిన చిదుగులు ఏవైనా పనికివస్తాయి. బొటనవేలి లావుకు మించనివి మంచివి. ఒకేసారి కూరకుండా మూడు నాలుగు పుల్లల చొప్పున లోపలికి జరుపుతూ ఉండాలి. తడి కట్టె పొగే తప్ప వేడి ఇవ్వదు. రంగు వేసిన చెక్క, ప్లాస్టిక్కు, రబ్బరు ఎట్టి పరిస్థితిలోనూ వేయకూడదు. కిరోసిన్, పెట్రోలు మంట మీద పోయడం ఆత్మహత్యతో సమానం.

నీళ్లు కాచేవారికి ఒక మాట. మడ్డి నీళ్లను ముందు తేరనిచ్చి, శుభ్రమైన బట్ట నాలుగు మడతలు వేసి వడకట్టాలి. తరువాత బుడగలు పెద్దగా లేచి మరుగుతున్నప్పటి నుంచి ఒక నిమిషం మరగనివ్వాలి. రోగక్రిములు చస్తాయి. అయితే వరద నీటిలో కలిసిన పెట్రోలు, రసాయనాలు కాచినా పోవు. కనుక వరదలో ఇంటి పైట్యాంకు మునగకపోతే ఆ నీటినే కాచుకుని తాగడం క్షేమం.

పొయ్యి దగ్గరికి వచ్చే స్త్రీలు దుపట్టా కొసలను, వేలాడే చేతులను బిగించి దోపుకోవాలి. నైలాను బట్ట నిప్పు తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. చిన్నపిల్లలు మూడు అడుగుల దూరంలో ఉండేలా ఒక గీత గీయండి. పక్కనే ఒక బకెట్టు నీళ్లో, ఇసుకో ఉంచకుండా అగ్గిపుల్ల గీయకండి.

ఇంతవరకూ చెప్పినది ఏ రేకు పని చేసే మేస్త్రీ అయినా చెప్పగలడు. ఇక మీదట చెప్పబోయేది మా తప్పు వల్ల మేము నేర్చుకున్నది.

పదేళ్లు దాటింది. ఒక చలికాలం, పై తరగతి విద్యార్థులు పదకొండు మందిని వెంటబెట్టుకుని నూజివీడు ప్రాంతంలో ఒక మిత్రుని మామిడితోటలో రెండు రాత్రులు గడపడానికి వెళ్లాం. గ్రంథాల్లో ప్రయాణపు నమాజు నియమాలు చదివిన పిల్లలు ఒకసారి ప్రయాణపు బతుకు కూడా చూడాలన్నది మా ఉద్దేశం. నిప్పును ప్రస్తావిస్తూ దివ్య ఖుర్ఆన్ బాటసారుల ప్రయోజనాన్ని కూడా గుర్తు చేస్తుంది. ఆ విషయం బోధిస్తూనే తోటలో పిల్లల చేత ఇలాంటి పొయ్యి రెండు చేయించాం. వంట బాగా కుదిరింది. వుజూకు వేడినీళ్లు దొరికాయి. పిల్లల సంతోషం చూసి మాకూ గర్వం కలిగింది.

రెండవ రాత్రి ఇషా తరువాత వాన మొదలైంది. చలి పెరిగింది. తోటలో కాయలు నిల్వ చేసే గది ఒకటి ఉంది. అందులోకి చేరాం. పొయ్యిలో మంట లేదు, ఎర్రని నిప్పులే మిగిలాయి. పొగ కూడా రావడం లేదు కదా, పిల్లలకు వెచ్చగా ఉంటుందని ఆ పొయ్యిని గది మధ్యకు తెప్పించింది మేమే. వాన జల్లు కొడుతోందని తలుపు మూయించిందీ మేమే.

ఎంత సేపటికో తెలియదు. ఒక విద్యార్థికి తలనొప్పితో మెలకువ వచ్చింది. వాంతి వస్తున్నట్టై తలుపు తీసుకుని బయటికి వెళ్లి, వసారాలో కూలబడ్డాడు. ఆ చప్పుడుకు తోట కాపలాదారు లాంతరు పట్టుకుని వచ్చాడు. గదిలోకి తొంగి చూసి పెద్దగా అరిచి, ఒక్కొక్కరినీ రెక్క పట్టుకుని బయటికి ఈడ్చుకు వచ్చాడు. మేము లేచి నిలబడబోతే మోకాళ్లు సహకరించలేదు. ముగ్గురు పిల్లలు పిలిచినా పలకలేదు. వానలో, మామిడిచెట్ల కింద వాళ్లను పడుకోబెట్టి ముఖాల మీద నీళ్లు చల్లుతూ ఉన్నాం.

“నిప్పుకీ ఊపిరి కావాలండి సాయిబు గారూ,” అన్నాడా కాపలాదారు. “తలుపు మూసేస్తే అది మీ ఊపిరి లాక్కుంటది.”

అతను చదువుకున్నవాడు కాదు. అయినా అతను చెప్పినదానిలో చాలావరకు నిజం ఉంది. మిగిలిన సగం తరువాత వైద్యులు చెప్పారు. గాలి చాలని నిప్పు సరిగ్గా కాలక కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువును విడుస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పొగలేని బొగ్గు నిప్పుల నుంచి కూడా అది వస్తూనే ఉంటుంది. ప్రాణవాయువును మోసుకుపోయే రక్తంలోని పదార్థానికి ఆ విషవాయువు ప్రాణవాయువుకన్నా 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. మనిషి ఊపిరి పీలుస్తూనే ఉంటాడు, శరీరానికి మాత్రం ఊపిరి అందదు. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం, మగత కలుగుతాయి. నిద్రలో ఉన్నవాడికి ఈ గుర్తులు కూడా తెలియవు.

పలకని ముగ్గురినీ తెల్లవారకముందే ఆటోలో ఆసుపత్రికి చేర్చాం. ప్రాణవాయువు పెట్టారు. అల్‌హందులిల్లాహ్, సాయంత్రానికి ముగ్గురూ లేచి కూర్చున్నారు. తరువాత ఆ పదకొండు ఇళ్లకూ మేమే వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాం. కొందరు తండ్రులు “అల్లాహ్ కాపాడాడు, వదిలేయండి హజ్రత్” అన్నారు. ఒక తల్లి మాత్రం పరదా వెనుక నుంచి, “బిడ్డను మీకు అమానతుగా అప్పగించాం కదా హజ్రత్” అన్నది. అంతకుమించి ఒక్క మాట అనలేదు. మేమూ జవాబు చెప్పలేకపోయాం.

ఆ రాత్రికి కొన్ని వారాల ముందే మేము తరగతిలో ఒక హదీసు బోధించి ఉన్నాం. మదీనాలో ఒక ఇల్లు రాత్రివేళ మనుషులతో సహా కాలిపోయింది. ఆ సంగతి దైవప్రవక్త (సఅసం) దృష్టికి వచ్చింది. నిప్పును మనకు శత్రువుగా ఎంచి, నిద్రపోయే ముందు దాన్ని ఆర్పివేయాలని ఆయన ఉపదేశించారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. ఉల్లేఖకుల పరంపర చెప్పాం, పదాల అర్థం చెప్పాం, వ్యాకరణం చెప్పాం. తాటాకు ఇళ్ల నాటి, నూనె దీపాల నాటి మాటగా చెప్పి ముందుకు సాగిపోయాం. ఇన్నేళ్లుగా బోధించిన మాట మా కాళ్ల దగ్గర ఎర్రగా వెలుగుతూ ఉంటే గుర్తుపట్టలేకపోయాం. మంట ఆరితే నిప్పు ఆరినట్టేనని అనుకున్నాం.

ఈ మాట నూనె డబ్బా పొయ్యికే పరిమితం కాదు. మన ఇళ్లలో బాలింత గదిలో కుంపటి పెట్టే అలవాటు ఇంకా ఉంది. తల్లీబిడ్డలకు చలిగాలి తగలకూడదని కిటికీలు మూసి, తలుపుకు దుప్పటి కట్టి, మంచం కింద బొగ్గు నిప్పులు ఉంచుతారు. లోబాన్ పొగ వేశాక ఆ నిప్పులను రాత్రంతా గదిలోనే వదిలేస్తారు. తల్లి తలనొప్పి అంటే బాలింత నీరసమనుకుంటారు. బిడ్డ మగతగా ఉంటే హాయిగా నిద్రపోతోందనుకుంటారు. ఉత్తరాదిన చలికాలం వచ్చిందంటే మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకున్న కుటుంబాలు తెల్లవారి లేవలేదన్న వార్తలు వస్తూనే ఉంటాయి. దాదీలను, నానీలను మేము వినయంగా కోరుతున్నాం. బిడ్డకు వెచ్చదనం కావాలంటే దుప్పటి ఇవ్వండి, టోపీ పెట్టండి, తల్లి ఒడి ఇవ్వండి. లోబాన్ వేయాలనుకుంటే తల్లీబిడ్డలు లేనప్పుడు వేసి, నిప్పులు బయట పారవేసి, కిటికీలు తెరిచి, ఆ తరువాతే వారిని గదిలోకి తీసుకురండి.

నిప్పు ఉన్న గదిలో ఒకరికి మించి తలనొప్పి, వికారం అన్నారంటే వెంటనే అందరూ బయటికి రావాలి. తలుపులు, కిటికీలు తెరవాలి. పిలిస్తే పలకనివారిని ఆరుబయటికి తెచ్చి 108కి ఫోను చేయాలి. తేలికపడ్డామనిపించినా వైద్యుణ్ణి చూడాలి.

ఇక పొయ్యి ఆర్పే పద్ధతి. వంట కాగానే మిగిలిన పుల్లలు బయటికి లాగి ఇసుకలో గుచ్చాలి. నిప్పుల మీద నీళ్లు కొద్దికొద్దిగా చిలకరించాలి. ఒక్కసారిగా కుమ్మరిస్తే వేడి ఆవిరి ముఖం మీదికి ఎగుస్తుంది. పుల్లతో బూడిద కలియబెట్టి మళ్లీ చిలకరించాలి. అరచేతి వెనుక భాగాన్ని దగ్గరగా పెట్టి చూస్తే వేడి తగలకూడదు. అప్పుడే నిప్పు ఆరినట్టు. చల్లారిన బూడిద గిన్నెలు తోమడానికి పనికివస్తుంది.

విజయవాడ డాబా మీద చిక్కుకున్న యువకుడు ఆనాటి పదకొండు మందిలో ఒకడు. నీళ్లు తగ్గాక ఫోను చేసి ఆ రోజుల సంగతి చెప్పాడు. ఇంట్లో ఒక నూనె డబ్బా సగం నిండి ఉంటే, నూనెను గిన్నెల్లోకి వంపి డబ్బా ఖాళీ చేశారట. రేకు కత్తెర లేదు. పాత కత్తి, రోకలిబండతో కోశాడట. ఊచల కోసం కిటికీ పరదా కడ్డీలు తీశాడట. కట్టెకు పాత నవారు మంచం పట్టెలు విరిచాడట. నాలుగు కుటుంబాలకు ఆ ఒక్క పొయ్యి మీదే నీళ్లు కాగాయి. వాళ్లలో రెండు కుటుంబాలు హిందువులవి. ఒక ఇంట్లో మూడు నెలల పాప ఉంది. మొదటి గిన్నె ఎప్పుడూ ఆ పాపకే.

జల్లు పడినప్పుడల్లా అతను పొయ్యిని డాబా మీద నీళ్ల ట్యాంకు దిమ్మెల మధ్యకు జరిపేవాడు. అక్కడ పైన కప్పు ఉంది, నాలుగు పక్కలా గాలి ఉంది. ఒక రాత్రి పాప బట్టలు ఆరడం లేదని, గది చెమ్మగా ఉందని, నిప్పులను లోపలికి తెమ్మని అందరూ అడిగారు. అతను ఒప్పుకోలేదు. వాళ్లు పట్టుబట్టారు. కట్టె దొరకడమే కష్టమైన ఆ పరిస్థితిలో, ఎర్రగా ఉన్న ఆ నిప్పుల మీద అతను చెంబుడు నీళ్లు పోశాడు.

“అందరూ కోప్పడ్డారు హజ్రత్,” అన్నాడు. “అమ్మీ కూడా తిట్టింది. మామిడితోట సంగతి చెప్పాక ఊరుకున్నది.”

అతని అమ్మీ ఎవరో కాదు, ఆనాడు పరదా వెనుక నుంచి మాట్లాడిన ఆ తల్లే.

ఇప్పుడు మేము ఆ హదీసు బోధించే రోజున తరగతిని మదరసా ఆవరణలోకి తీసుకువెళతాం. నూనె డబ్బా పొయ్యి వెలిగించి, నీళ్లు కాచి, అందరికీ చాయ్ ఇస్తాం. ఆ తరువాత ప్రతి విద్యార్థి చేతా తన వంతు నిప్పులు ఆర్పిస్తాం. చేతి వెనుక భాగం పెట్టి చూసి, ఆరిందని అతను నోటితో చెప్పేవరకు పాఠం ముగిసినట్టు కాదు. మీ ఇంట్లో డబ్బా ఖాళీ అయిన రోజున మీరూ పిల్లలతో కలిసి ఈ పొయ్యి ఒకటి చేసి చూడండి. వెలిగించడం వారికి త్వరగానే వస్తుంది. ఆర్పడం మాత్రం పక్కన నిలబడి నేర్పండి.

అల్లాహ్ మన ఇళ్లను, మనకు అప్పగించిన పిల్లలను తన రక్షణలో ఉంచుగాక. ఆమీన్.